ఎర్ర వలయం వెనుక పగులు

2005 నవంబరు 22న అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 అనే ఆటల యంత్రం, ఎంత గొప్ప ఆటలను ఇళ్లలోకి తెచ్చిందో అంతే విస్తృతంగా ఇళ్లలో మరమ్మతు ప్రయత్నాలకూ కారణమైంది. టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే ఈ కన్సోలు ముందు భాగంలో, పవర్ బటన్ చుట్టూ, నాలుగు ముక్కలుగా విభజించిన ఒక కాంతి వలయం ఉండేది; యంత్రం సజావుగా నడుస్తున్నంతకాలం అందులో పచ్చని వెలుగు కనిపించేది, లోపలి భాగాల్లో మౌలికమైన లోపం తలెత్తినప్పుడు మూడు ముక్కలు ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉండేవి. ఆటగాళ్లు 'రెడ్ రింగ్ ఆఫ్ డెత్' అని పిలుచుకున్న ఈ సంకేతం కనిపించిన తరువాత ఎందరో యజమానులు స్క్రూడ్రైవరు చేతబట్టి యంత్రాన్ని తామే విప్పారు. వారి ప్రయత్నాల్లో చాలా భాగం కొంతకాలం ఫలించి, ఆపైన విఫలమయ్యాయి. అవి తొలుత ఫలించడానికీ తరువాత విఫలం కావడానికీ మూలం ఒకటే అయినా, ఆ మూలాన్ని తయారీ సంస్థకు చెందినవారు ప్రజల ముందు విడమరచి చెప్పడం 2021 చివరలో గానీ జరగలేదు.

చెడిపోయిన వస్తువును సొంతంగా బాగుచేసుకోవాలన్న కోరికను దుస్సాహసంగా కొట్టిపారేసేవారూ, చేతి పనితనానికి సాటి లేదని ఆకాశానికెత్తేవారూ ఇద్దరూ ఈ ఉదంతాన్ని నిదానంగా చదవవలసి ఉంది. ఇంటి మరమ్మతుదారుకు నిజంగా కొరవడింది నేర్పు కాదనీ, లోపం ఎక్కడున్నదన్న సమాచారమనీ ఇందులోని ప్రతి దశా నిరూపిస్తుంది.

దీపాలను చదవడం

వలయంలో ఒక్క ముక్క ఎర్రబడితే ఏదో ఒక భాగం చెడిందనీ, రెండు ఎర్రబడితే యంత్రం అతిగా వేడెక్కిందనీ, నాలుగూ ఎర్రబడితే టీవీకి వెళ్లే కేబులు సరిగా తగలలేదనీ అర్థం. మూడు ముక్కల సంకేతానికి మాత్రం 'సాధారణ హార్డ్‌వేర్ వైఫల్యం' అన్న అస్పష్టమైన వివరణ ఒక్కటే లభించేది. ఈ అస్పష్టత వెనుక మరో సంకేత వ్యవస్థ దాగి ఉందని యజమానులు కనిపెట్టారు. మూడు దీపాలు మెరుస్తున్నప్పుడు, వైర్‌లెస్ కంట్రోలరును జతచేసే సింక్ బటన్‌ను నొక్కి పట్టుకుని, డిస్కు తట్టను బయటికి తెచ్చే ఎజెక్ట్ బటన్‌ను ఒక్కొక్కసారి నొక్కితే, నొక్కిన ప్రతిసారీ వలయం ఒక్కొక్క అంకెను చూపుతుంది; ఒక ముక్క వెలిగితే ఒకటి, రెండు వెలిగితే రెండు, మూడు వెలిగితే మూడు, నాలుగూ వెలిగితే సున్న. ఇలా నాలుగుసార్లు నొక్కితే నాలుగంకెల సంఖ్య ఏర్పడుతుంది. వాటిలో అందరికీ బాగా తెలిసిన 0102 అనే సంఖ్యను గ్రాఫిక్స్ చిప్పు దగ్గరి అతుకులు విడిపోయినందుకు గుర్తుగా మరమ్మతుదారులు భావించారు.

ఈ ఉదంతం మొత్తంలో ఇంటి మరమ్మతుకు దక్కవలసిన అత్యున్నత గౌరవం ఇక్కడే దక్కాలి. వేలాది విడిభాగాలున్న ఒక యంత్రంలో లోపాన్ని ఒక చిప్పు పరిసరాలకు కుదించగలగడం, అదీ ఏ పరికరమూ లేకుండా రెండు బటన్లతో సాధించడం, నిపుణులు కూడా మెచ్చవలసిన రోగ నిర్ధారణ. అయితే పరిసరాలు తెలియడం వేరు, ఆ పరిసరాల్లో ఏ పొరలో పగులు ఉందో తెలియడం వేరు. ఆ తేడాలోనే తరువాతి కథ అంతా జరిగింది.

ఒక చిప్పు, మూడు పొరలు

ఎక్స్‌బాక్స్ 360లో రెండు పెద్ద చిప్పులుండేవి. ఒకటి, ఐబీఎం రూపకల్పనలో పాలుపంచుకున్న మూడు కోర్ల ప్రాసెసర్. దాని వేగం 3.2 గిగాహెర్ట్జ్. రెండవది, తెరపై బొమ్మలను గీసే గ్రాఫిక్స్ చిప్పు. ఏటీఐ సంస్థ రూపొందించిన ఈ చిప్పు పేరు జెనోస్, వేగం 500 మెగాహెర్ట్జ్, దాని పక్కనే అదే పలకపై 10 మెగాబైట్ల ప్రత్యేక మెమరీ మరో చిన్న సిలికాన్ ముక్కగా కూర్చుని ఉండేది. గ్రాఫిక్స్ చిప్పు పైన, వేడిని పీల్చి గాలిలోకి వదిలే లోహపు రెక్కల అమరిక, అంటే హీట్ సింక్, ఉండేది గానీ, డీవీడీ డ్రైవు సరిగ్గా దాని మీదే కూర్చోవడం వల్ల ఆ హీట్ సింకును పొట్టిగా చేయవలసి వచ్చింది. బయటికి అందంగా, సన్నగా కనిపించాలన్న నిర్ణయానికి లోపల చెల్లించిన మూల్యం ఇది.

ఇటువంటి చిప్పును బోర్డుకు కలిపే విధానాన్ని కొంత వివరంగా తెలుసుకోకపోతే మిగిలినదేదీ బోధపడదు. అన్నిటికన్నా పైన గాజులా పెళుసైన సిలికాన్ ముక్క ఉంటుంది; దాని అడుగున కంటికి ఆనని పరిమాణంలో లోహపు బొడిపెలు ఉంటాయి. ఆ బొడిపెల మీదుగా సిలికాన్ ముక్క, రెసిన్‌తో చేసిన ఒక చిన్న పలకకు అతుక్కుంటుంది. ఈ రెంటి మధ్య ఖాళీని అండర్‌ఫిల్ అనే జిగురుతో నింపుతారు, బొడిపెలపై పడే ఒత్తిడిని పంచుకోవడం దాని పని. ఆ చిన్న పలక అడుగున మళ్లీ కొంచెం పెద్దవైన టంకం గుళ్ల వరుసలు ఉంటాయి. సాంకేతికంగా బాల్ గ్రిడ్ అర్రే అని పిలిచే ఈ వరుసల ద్వారా పలక ప్రధాన బోర్డుకు అతుకుతుంది. అంటే చిప్పుకూ బోర్డుకూ మధ్య అతుకుల వరుస ఒకటి కాదు, రెండు. ఒకటి పలకకు పైన, మరొకటి కింద.

బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే కమ్మరి, దాన్ని కాల్చి సాగదీసి, చల్లార్చి బిగింపజేస్తాడు. కాలితే ఇనుము వ్యాకోచిస్తుందనీ, చల్లారితే సంకోచిస్తుందనీ ఉన్న ఎరుకే ఆ పనికి ఆధారం. చిప్పులో ఇదే ధర్మం ప్రతికూలంగా పనిచేస్తుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగినప్పుడు సిలికాన్ తన పొడవులో పది లక్షల వంతులకు సుమారు మూడు వంతులు సాగితే, రెసిన్ పలక దానికి దాదాపు అయిదు రెట్లు సాగుతుంది. ఆట మొదలైనప్పుడు చిప్పు వేడెక్కుతుంది, ఆట ముగిసి స్విచ్ కట్టేసినప్పుడు చల్లబడుతుంది. ఈ రెండు పదార్థాల మధ్య ఇరుక్కున్న అతుకులు ప్రతిసారీ పక్కకు లాగబడి మళ్లీ వెనక్కి వస్తాయి. అండర్‌ఫిల్ జిగురు గట్టిగా ఉన్నంతవరకు ఈ లాగుడును అది భరిస్తుంది, కానీ ప్రతి జిగురుకూ మెత్తబడే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది, చిప్పు ఆ స్థాయిని దాటిందంటే భారమంతా బొడిపెల మీదికి మారుతుంది. ఈ చక్రం వందల పర్యాయాలు తిరిగేసరికి ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి పగులు పుడుతుంది.

ఇదే కాలంలో టంకం స్వభావం కూడా మారింది. దశాబ్దాలుగా ఎలక్ట్రానిక్ పరిశ్రమ తగరం, సీసం కలిపిన టంకాన్ని వాడేది. 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం ఉన్న మిశ్రమం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. సీసం మనుషుల ఆరోగ్యానికీ నేలకూ నీటికీ చేసే హానిని దృష్టిలో ఉంచుకుని యూరోపియన్ యూనియన్ తెచ్చిన ఆదేశం 2006 జూలై 1 నుంచి అమల్లోకి రావడంతో, ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేసేవారిలో చాలామంది తగరం, వెండి, రాగి కలిపిన టంకానికి మారారు. ఈ కొత్త మిశ్రమం కరగడానికి సుమారు 217 డిగ్రీలు కావాలి, పైగా అది పాతదానికన్నా బిరుసుగా ఉంటుంది. భారతదేశంలోనూ 2012 మే 1న అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు ఇదే తరహా పరిమితులను విధించాయి. సీసాన్ని తొలగించడం సరైన నిర్ణయమే. అయితే మార్పు సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే జరగడంతో, చెడిన ప్రతి కన్సోలుకూ సీసం లేని టంకమే కారణమనీ, పగులు కింది వరుస గుళ్లలోనే ఉందనీ ఒక నమ్మకం బలపడింది. ఇంటి వైద్యాలన్నీ ఈ నమ్మకం మీదే నిర్మితమయ్యాయి.

తువ్వాలు, బోల్టులు, వేడిగాలి

వాటిలో అత్యంత ప్రచారం పొందినదీ అత్యంత ప్రమాదకరమైనదీ తువ్వాలు చిట్కా. గాలి పోయే దారులన్నీ మూసుకుపోయేలా కన్సోలుకు మందపాటి తువ్వాళ్లు చుట్టి, కొంతసేపు స్విచ్ వేసి ఉంచి, తరువాత చల్లారనిచ్చి తిరిగి వేస్తే యంత్రం బతుకుతుందని చెప్పేవారు. కొన్ని కన్సోళ్లు నిజంగానే తిరిగి వెలిగాయి. కానీ విద్యుత్తు పారుతున్న యంత్రాన్ని గుడ్డలో బంధించి కావాలని వేడెక్కించడం నిప్పుతో చెలగాటం. బోర్డు మీద ఉన్న కెపాసిటర్లు, అంటే విద్యుత్తును నిలువచేసే చిన్న డబ్బాలు, ఆ వేడికి ఆయుష్షు కోల్పోతాయి. ఏ పరిస్థితిలోనూ ఎవరూ చేయకూడని పని ఇది.

రెండవది కొంత ఆలోచనతో కూడినది. హీట్ సింకులను బోర్డు వెనుక నుంచి బిగించి పట్టుకోవడానికి ఎక్స్ ఆకారంలో ఉన్న స్ప్రింగు ఉక్కు పట్టీలు ఉండేవి. ఎక్స్ క్లాంప్ అని పిలిచే ఈ పట్టీలు బోర్డును వంచుతున్నాయనీ, ఆ వంపే అతుకులను విడదీస్తోందనీ భావించినవారు వాటిని తీసేసి, అయిదు మిల్లీమీటర్ల మందమున్న బోల్టులు, వాషర్లతో హీట్ సింకులను నేరుగా చట్రానికి బిగించారు. దీనికి యంత్రాన్ని పూర్తిగా విప్పాలి, చట్రంలోని రంధ్రాలను వెడల్పు చేయాలి, పాత థర్మల్ పేస్టును, అంటే చిప్పుకూ హీట్ సింకుకూ మధ్య వేడిని చేరవేసే లేపనాన్ని, ఆల్కహాలుతో తుడిచి కొత్తది పూయాలి. ఓర్పుగా, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగిస్తూ పోయినవారి యంత్రాలు పనిచేశాయి. ఒక మూలనే గట్టిగా బిగించినవారి బోర్డులు వంగి, ఉన్న అతుకులు కూడా తెగాయి.

మూడవది వేడిగాలి. రంగు ఊడగొట్టడానికి వాడే హీట్ గన్‌తో గ్రాఫిక్స్ చిప్పు మీద వేడి ఊది, అడుగున ఉన్న టంకం గుళ్లు కరిగి మళ్లీ అతుక్కునేలా చేయడం దీని ఉద్దేశం; దీన్ని రీఫ్లో అంటారు. కర్మాగారంలో ఈ పని చేసే కొలిమి, బోర్డు మొత్తాన్ని మెల్లగా 150 డిగ్రీల పైకి తెచ్చి, కొంతసేపు అక్కడ నిలిపి, ఆపైన 235 నుంచి 245 డిగ్రీల గరిష్ఠ స్థాయికి కొద్ది సెకన్లపాటు చేర్చి, తిరిగి క్రమంగా చల్లారుస్తుంది. ఇంట్లో చేతితో పట్టుకున్న గన్‌కు ఇటువంటి క్రమం ఉండదు. ఒక చోట మాత్రమే వేడి తగిలితే బోర్డు ఉబ్బుతుంది. చిప్పు పలకలో ఇంకిన తేమ ఆవిరై లోపలి పొరలను చీల్చుతుంది. పక్కనున్న చిన్న భాగాలు గాలి తాకిడికి తమ స్థానాల నుంచి జరిగిపోతాయి.

ఈ మూడు పద్ధతుల మధ్య ఒక పోలిక ఉంది. మూడూ చిప్పును వేడి చేస్తాయి లేదా నొక్కుతాయి. వేడికి అండర్‌ఫిల్ జిగురు మెత్తబడి పొరలు కొంచెం కదిలినప్పుడు, లేదా పైనుంచి ఒత్తిడి పడినప్పుడు, విడిపోయిన పగులు అంచులు మళ్లీ ఒకదానినొకటి తాకుతాయి. తాకినంతకాలం విద్యుత్తు పారుతుంది, యంత్రం పనిచేస్తుంది. లోహం లోహంతో తిరిగి ఏకం కావాలంటే మాత్రం పగులు ముఖాలపై పట్టిన ఆక్సైడు పొరను తొలగించాలి, దానికి ఫ్లక్స్ అనే రసాయనం అవసరం, జిగురుతో అన్ని వైపులా మూసుకుపోయిన బొడిపెల దగ్గరికి ఏ ఫ్లక్సూ చేరదు. అందువల్ల తరువాతి వారాల్లో యంత్రం పదేపదే వేడెక్కి చల్లబడగానే అవే అంచులు తిరిగి విడిపోయేవి. తువ్వాలు చుట్టినవారు, బోల్టులు బిగించినవారు, వేడిగాలి ఊదినవారు తమ తమ పద్ధతి ఫలించిందని చెప్పిన మాటల్లో అబద్ధం లేదు. ఫలితాన్ని చూసి కారణాన్ని ఊహించడంలోనే పొరపాటు జరిగింది.

నైపుణ్యం గల దుకాణాల్లో చేసే రీబాలింగ్ కూడా ఈ పరిమితికి అతీతం కాలేదు. ఈ పద్ధతిలో చిప్పును బోర్డు నుంచి పూర్తిగా ఊడదీసి, కింది గుళ్లన్నిటినీ శుభ్రం చేసి, జల్లెడ వంటి స్టెన్సిల్ సాయంతో కొత్త గుళ్లు పేర్చి తిరిగి అతుకుతారు. హైదరాబాదు కోఠి వీధుల్లోనూ సికింద్రాబాదు సీటీసీ పరిసరాల్లోనూ, చిన్న పట్టణాల మొబైలు దుకాణాల్లోనూ నేడు ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు చేస్తున్న పని ఇదే, దానికి కావలసిన కంటి చూపూ చేతి నిలకడా అసాధారణమైనవి. నిజంగా కింది గుళ్లే పగిలిన యంత్రానికి ఇది శాశ్వత చికిత్స. పగులు పై బొడిపెల్లో ఉన్నప్పుడు మాత్రం, రీబాలింగ్ కోసం ఇచ్చిన వేడే లోపలి అంచులను తాత్కాలికంగా కలిపి, కొత్త గుళ్లకు దక్కకూడని కీర్తిని దక్కించేది.

తెలిసినవారు, తెలియనివారు

2007 జూలై 5న మైక్రోసాఫ్ట్ సంస్థ, మూడు ఎర్ర దీపాలతో ఆగిపోయిన యంత్రాలన్నిటికీ కొన్న తేదీ నుంచి మూడేళ్ల వరకు ఉచిత మరమ్మతు చేస్తామని ప్రకటించి, ఇందుకు 105 కోట్ల నుంచి 115 కోట్ల డాలర్ల వ్యయాన్ని లెక్కల్లో చూపింది. అప్పటి ఎక్స్‌బాక్స్ విభాగాధిపతి పీటర్ మూర్ ఈ ప్రతిపాదనను సంస్థ అధినేత స్టీవ్ బామర్ ముందుంచి ఆమోదం పొందిన తీరును తరువాతి కాలంలో వివరించారు. ఆ మొత్తంలో దాదాపు 24 కోట్ల డాలర్లు యంత్రాలను తెప్పించి తిరిగి పంపే రవాణాకే అయ్యాయని కూడా ఆయన చెప్పారు. 2009లో ఇ74 అనే మరో లోప సంకేతాన్ని కూడా ఈ హామీ పరిధిలోకి తెచ్చారు. ఒక వినియోగ వస్తువు విషయంలో ఇంత పెద్ద బాధ్యతను నెత్తికెత్తుకోవడం ప్రశంసించదగినదే. కానీ లోపం ఎక్కడుందో వివరంగా ప్రకటించి ఉంటే, హామీ గడువు దాటిన యంత్రాల యజమానులు అన్నేళ్లపాటు చీకట్లో తడుముకోవలసి వచ్చేది కాదు.

2021 డిసెంబరులో ఎక్స్‌బాక్స్ చరిత్రపై సంస్థ స్వయంగా విడుదల చేసిన ఆరు భాగాల డాక్యుమెంటరీలో, హార్డ్‌వేర్ విభాగానికి నాయకత్వం వహించిన టాడ్ హోల్మ్‌డాల్ ఈ ముడి విప్పారు. కన్సోలు వేడెక్కి చల్లబడే ప్రతిసారీ కలిగే ఒత్తిడికి చిప్పు భాగాల లోపలి అనుసంధానాలు తెగిపోయాయన్నది ఆయన వివరణ సారాంశం. బోర్డుకు అతికే కింది గుళ్ల మీద పడిన అనుమానం ఇలా పై పొరకు మళ్లింది. ఆ కాలపు పరిశ్రమలో ఇది ఒంటరి వైఫల్యం కూడా కాదు; 2008 జూలైలో ఎన్విడియా సంస్థ, కొన్ని ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పులు ప్యాకేజీ పదార్థాల బలహీనత వల్ల విఫలమవుతున్నాయంటూ 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయించింది.

విప్పదలచినవారిని అడ్డుకున్నది సమాచార లేమి ఒక్కటే కాదు. కన్సోలు ముఖఫలకం వెనుక ఒక చిన్న సీలు అంటించి ఉండేది, అది చిరిగిందంటే వారంటీ పోయినట్లే. అనుమానంతో యంత్రాన్ని విప్పి చూసిన వ్యక్తి, ఆ పరిశీలనకే ఉచిత మరమ్మతు హక్కును వదులుకోవలసి వచ్చేది. ఇటువంటి సీళ్ల షరతులు 1975 నాటి వారంటీ చట్టానికి విరుద్ధం కావచ్చునని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్, సోనీ, నింటెండోలతో సహా ఆరు సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది.

ఇంట్లో చేయదగిన పని చాలానే మిగులుతుంది, దాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు. టీ8, టీ10 కొలతల్లో దొరికే నక్షత్రపు మొన గల టార్క్స్ స్క్రూడ్రైవర్లతో యంత్రాన్ని విప్పి, ఫ్యాన్ల రెక్కల మీద, హీట్ సింకు సందుల్లో అట్టకట్టిన దుమ్మును దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టును మార్చితే ఉష్ణోగ్రత తగ్గి అతుకుల ఆయుష్షు పెరుగుతుంది. బోర్డును అంచులతోనే పట్టుకోవాలి, ఒంటిలోని స్థిర విద్యుత్తు చిప్పులకు తగలకుండా ముందుగా భూమికి కలిపిన లోహాన్ని తాకాలి. విడిగా ఉండే పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

డీవీడీ తట్ట మొరాయించడం ఈ యంత్రాల్లో మరో సాధారణమైన లోపం, చాలాసార్లు ఒక సాగిపోయిన రబ్బరు బెల్టును మార్చితే సరిపోతుంది. కానీ డ్రైవు మొత్తం పాడై మరో డ్రైవు తెచ్చి పెడితే ఆట నడవదు, ఎందుకంటే ప్రతి డ్రైవుకూ దాని ప్రధాన బోర్డుకూ మధ్య ఒక రహస్య సంకేత సంఖ్య జతచేసి ఉంటుంది. పాత డ్రైవులోని సర్క్యూట్ పలకను తీసి కొత్త డ్రైవులో అమర్చడం ద్వారా మరమ్మతుదారులు దీన్ని అధిగమించేవారు. ఆ పలకే చెడితే దారి మూసుకుపోయేది. దొంగ ప్రతులను అరికట్టడానికి పెట్టిన తాళం, నిజాయితీగా డిస్కులు కొన్న యజమానికే అడ్డుగోడ కావడం అన్యాయం. 2021 అక్టోబరులో అమెరికా కాపీరైట్ అధికారులు ఈ అన్యాయాన్ని గుర్తించి, కన్సోళ్లలోని డిస్కు డ్రైవును బాగుచేయడానికి డిజిటల్ తాళాన్ని దాటవచ్చనీ, పని పూర్తయ్యాక దాన్ని యథాస్థితికి తేవాలనీ పరిమితమైన మినహాయింపు ఇచ్చారు. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీని నియమించి, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అందులోని నాలుగు ప్రధాన రంగాలు. సర్వీసు మాన్యువళ్లు, విడిభాగాల వివరాలతో పాటు, ఒక ఉత్పత్తిలో బయటపడిన లోపం ఏ పొరలో ఉందో చెప్పే సాంకేతిక నివేదికలను కూడా అటువంటి చోట వెల్లడించే ఏర్పాటు ఉండాలి.

తయారీ సంస్థ లోపాన్ని అంచెలంచెలుగా సరిదిద్దింది. మొదట గ్రాఫిక్స్ చిప్పు హీట్ సింకుకు వేడిని పక్కకు మోసుకుపోయే రాగి గొట్టం తగిలించి అదనపు రెక్కలు చేర్చింది. తరువాత ప్రాసెసర్‌ను, 2008 చివరినాటికి గ్రాఫిక్స్ చిప్పును 90 నానోమీటర్ల నిర్మాణం నుంచి 65 నానోమీటర్లకు కుదించింది. పవర్ సప్లై సామర్థ్యం 203 వాట్ల నుంచి 175కు, ఆపైన 150కి దిగిందంటే చిప్పుల్లో పుట్టే వేడి ఎంత తగ్గిందో ఊహించవచ్చు. 2010 జూన్‌లో వచ్చిన సన్నని నమూనాలో రెండు చిప్పులూ ఒకే పలక మీదికి చేరాయి.

ఈ జ్ఞానం ఇప్పుడు మరమ్మతుదారుల చేతికీ వచ్చింది. పాత యంత్రాలను కాపాడుకోవాలనుకునే కొందరు నిపుణులు నేడు మొదటి తరం బోర్డు నుంచి అసలు గ్రాఫిక్స్ చిప్పునే తొలగించి, తక్కువ వేడి పుట్టించే తరువాతి తరం చిప్పుకు కొత్త గుళ్లు పేర్చి, అడుగు నుంచీ పై నుంచీ సమంగా వేడి ఇచ్చే యంత్రం మీద ఉష్ణోగ్రతను కొలుస్తూ దాని స్థానంలో అతుకుతున్నారు. తువ్వాలుకూ హీట్ గన్‌కూ లొంగని పగులును వారు అతకడం లేదు. పగులున్న భాగాన్నే మార్చుతున్నారు.